బఠాణీ చేపకు పది శాతం

చేప ఆదివారం చచ్చిపోయింది. మంగళవారానికి దాని పుణ్యమా అని ఒక ప్రభుత్వ శాఖ పుట్టింది.

అది మామూలు చేప కాదు. రాజధానిలో ఒక పెద్దమనిషి ముందుగదిలో, గాజు తొట్టిలో, వచ్చిన ప్రతి అతిథికీ తోక ఊపిన బంగారు చేప. అది వెల్లకిలా తేలిన ఇరవై నాలుగు గంటల్లో ఉన్నతస్థాయి సమావేశం జరిగింది. నలభై ఎనిమిది గంటల్లో 'గృహ జలజీవ సంక్షేమ శాఖ' ఏర్పడింది. ఇకమీదట రాష్ట్రంలో ఏ ఇంట్లోనూ ఏ చేపా నిర్లక్ష్యం వల్ల చావడానికి వీల్లేదు. చస్తే నిబంధనల ప్రకారం చావాలి.

శాఖకు మనుషులు కావాలి. చేపల గురించి తెలిసినవాళ్ళెవరని వెతికితే, డెల్టాలో చెరువుల మీద పనిచేసినవాళ్ళు దొరికారు. బొచ్చెల్నీ శీలావతుల్నీ పెంచి, ఐసు కొట్టి, లారీల్లో కోల్‌కతా పంపించిన అనుభవజ్ఞులు. చేప గురించి వాళ్ళకు తెలిసింది ఒకటే. బాగున్న చేప పెరుగుతుంది, పెరగని చేపకు రోగం. అందుకని వాళ్ళు రాసిన మొదటి నిబంధన ఇది: ప్రతి ఇంట్లోని ప్రతి చేపా నెలకు పది శాతం పెరగాలి. వరసగా రెండు నెలలు పెరగని చేపను 'నిర్లక్ష్యానికి గురైన జలజీవి'గా ప్రకటించి, స్వాధీనం చేసుకుని, జిల్లా పునరావాస కేంద్రానికి తరలించాలి.

పునరావాస కేంద్రమంటే జిల్లా ఆఫీసు వెనక ఉన్న సిమెంటు తొట్టి. తెరిచిన మొదటి నెలలో అందులో అరవై మూడు చేపలకు పునరావాసం కల్పించారు. నెలాఖరున లెక్కపెడితే ఒక్కటే ఉంది. కొర్రమీను. ఎవరింటి నుంచి వచ్చిందో రికార్డు లేదు. దాని పెరుగుదల మాత్రం జిల్లాలో ప్రథమం.

*

కాలవ వంతెన దగ్గర కోడూరి అమ్మాజీ జాకెట్లు కుడుతుంది. నలభై ఆరేళ్ళ మనిషి. ముందుగదిలో కుట్టు మిషను, దాని పక్కన రెండడుగుల గాజు తొట్టి, గది మూలన ఆడవాళ్ళు కొలతలిచ్చే చోటుకు అడ్డంగా పూల కర్టెను. తొట్టిలో మూడు చేపలు. షాపువాడు వాటిని పఫర్లన్నాడు. పచ్చటి ఒంటి మీద నల్ల చుక్కలు, బఠాణీ గింజకు తోక అతికించినట్టుండే ఆకారం. అందుకని అమ్మాజీకి అవి బఠాణీ చేపలు. పేర్లు గుండీ, హుక్కు, కాజా. ఎంత తిన్నా అంగుళం దాటని జాతి. ఒక కన్ను మిషను మీద, ఇంకో కన్ను వాకిలి మీద పెట్టి ఏకకాలంలో రెండు వైపులా చూడగల జాతి.

ఆ వాకిట్లోకి ఒక రోజు పొద్దున్నే ఫీల్డ్ అసిస్టెంటు దావీదు వచ్చాడు. చంకలో రిజిస్టరు, భుజాన విసురువల.

"అదేంటి తమ్ముడూ?" అంది అమ్మాజీ.

"విసురువలక్కా. వల విసిరి, పడిన చేపను తూకం వెయ్యాలి. రూలు."

"ఇది రెండడుగుల తొట్టి. నువ్వు వల విసిరితే నా మిషను పడద్ది, నేను పడతాను, చేప తప్ప అన్నీ పడతాయి."

దావీదు వలకేసి చూశాడు. తొట్టికేసి చూశాడు. "పోనీ చేత్తో పైకి తియ్యనా?"

"చంపేత్తాను. నీళ్ళలోంచి పైకి తీత్తే ఇవి గాలి మింగేత్తాయి. ఆ గాలి మళ్ళీ బయటికి రాదు. తేలి చచ్చిపోతాయి."

చివరికి అమ్మాజీ తన టేపు తీసి గాజుకు బయటినుంచి ఆనించింది. వీపు నుంచి పొట్ట దాకా ఒక్కో చేప ఎత్తు చెప్పింది. దావీదు రాసుకున్నాడు. నెల తర్వాత మళ్ళీ వచ్చి మళ్ళీ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అక్కా, పెరుగుదల సున్నా. ఇది మొదటి హెచ్చరిక."

"వీటి జాతే ఇంత తమ్ముడూ. ఇంక పెరగవు. అది రాసుకో."

"ఎక్కడ రాయను? ఫారంలో జాతి అనే కాలమ్ లేదు."

"ఏం తింటున్నాయో రాసుకో. నత్తలు తింటాయి. కాలవ గట్టున ఏరుకొచ్చి, కడిగి వేత్తాను. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మారుత్తాను, అవి కూడా రాత్రంతా నిలవబెట్టిన నీళ్ళు. దాక్కోడానికి మొక్కలున్నాయి. ఇంకే చేపనీ పక్కన పెట్టను, తోకలు కొరికేత్తాయి. చప్పుడు చెయ్యను. ఈ నా మిషను చప్పుడొక్కటే వాటికి అలవాటు."

"అక్కా, నువ్వు చెప్పిందానికి ఒక్కదానికి కూడా కాలమ్ లేదు. ఒకే కాలమ్. పెరుగుదల." దావీదు సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, శాఖవారి మేత."

అది చెరువు మేత. గుళికలు. అమ్మాజీ ఒకటి తీసి గాజు దగ్గర పెట్టి చూసింది. గుళిక సరిగ్గా గుండీ తలకాయంత ఉంది.

"వచ్చే నెల కూడా సున్నా వత్తే?"

దావీదు తలొంచుకున్నాడు. "పునరావాసం."

కొర్రమీను సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

*

వచ్చే నెల సున్నా రాలేదు.

దావీదు రిజిస్టరు తెరుస్తుండగా బల్ల మీద నుంచి అమ్మాజీ పెద్ద కత్తెర జారి గచ్చు మీద పడింది. ఖంగుమంది. తొట్టిలో హుక్కు ఉలిక్కిపడింది. గబగబా నీళ్ళు మింగింది. చూస్తుండగానే బఠాణీ గింజ ఉసిరికాయైంది.

"అక్కోయ్! పెరిగింది!" దావీదు టేపు లాక్కున్నాడు. "నలభై శాతం!"

"పెరగలేదు తమ్ముడూ, బెదిరిపోయింది. శత్రువు మింగడానికి వచ్చిందనుకుంటే అలా ఉబ్బుద్ది. ప్రాణం మీదికొత్తేనే ఉబ్బుద్ది. మాటిమాటికీ ఇలాగైతే నాలుగు రోజులు బతకదు. రాయకు."

దావీదు అప్పటికే రాసేశాడు. చేపను పునరావాసానికి పంపకుండా తప్పించానన్న ఆనందంలో రాశాడు. మంచి మనసుతో చేసిన పనుల వల్ల ఈ శాఖలో జరిగిన నష్టాల్లో ఇది మొదటిది.

నలభై అన్న అంకె జిల్లా అధికారి పరాంకుశం బల్ల మీదికి చేరింది. పరాంకుశం ఇరవై రెండేళ్ళు చెరువుల మీద పనిచేసినవాడు. ఏ మందు వేసినా, ఏ మేత పెట్టినా ఒక చేప ఒక్క నెలలో నలభై శాతం లేవడం ఆయన ఎరుగడు. దావీదును పిలిపించాడు. కత్తెర సంగతి విన్నాడు. ఇంకొకడైతే అక్కడ అనుమానపడేవాడు. పరాంకుశం సర్క్యులర్ రాశాడు.

'క్షేత్రస్థాయి పరిశీలనలో వెల్లడైన ఉత్తేజిత వృద్ధి విధానాన్ని జిల్లా అంతటా అమలుపరచవలెను. కొలతకు ముందు తొట్టికి అడుగు దూరంలో స్టీలు పళ్ళెమును గరిటెతో మూడు పర్యాయములు మోగించవలెను. చేపకు ముందస్తు సమాచారం ఇవ్వరాదు. ఉబ్బని జాతులను దశలవారీగా ఉబ్బే జాతులతో భర్తీ చేయవలెను.'

భర్తీ మొదలైంది. బంగారు చేపలున్న తొట్లలో పఫర్లను దింపారు. మర్నాటికి బంగారు చేపలకు తోకల్లేవు. జనం వెళ్ళి మొరపెట్టుకుంటే, ఎత్తు కొలతలో తోక భాగం కాదని ఆఫీసు వివరణ ఇచ్చింది. కొలతల రోజు ఉదయం పదింటికి ఊరంతా ఒక్కసారిగా పళ్ళేలు మోగేవి. బస్సు దిగిన పొరుగూరివాళ్ళు గ్రహణం పట్టిందేమోనని ఆకాశంకేసి చూసేవాళ్ళు.

జిల్లా సగటు ముప్పై ఒకటికి లేచింది. పరాంకుశానికి ప్రశంసాపత్రం వచ్చింది.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. పోయిన నెల ఉబ్బు ఈ నెలకు మొదలు. దాని మీద మళ్ళీ పది శాతం ఎక్కాలి. పళ్ళేనికి చేపలు అలవాటు పడిపోయాయి. పళ్ళెం పోయి గంట వచ్చింది. గంట పోయి విజిలొచ్చింది. ఆ పైన శాఖలో ఒక కొత్త పోస్టు మంజూరైంది. పేరు 'ఉత్తేజన సహాయకుడు'. అర్హతలు: పదో తరగతి, గట్టి గొంతు. పోస్టుకు ఎంపికైనవాడు పూర్వం బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచేవాడు. మంచి ఎంపిక.

అమ్మాజీ తొట్టికి మూడు వైపులా లైనింగు గుడ్డ కట్టింది. రోజూ నత్తలు మార్చింది. అయినా గుండీ తిండి మానేసి మొక్కల వెనక మూలన కూర్చుంది.

*

ఆ తర్వాతి కొలతకు పరాంకుశం స్వయంగా వచ్చాడు. వెంట దావీదు, ఉత్తేజన సహాయకుడు, నలుగురు డప్పులవాళ్ళు.

"ఇదేనామ్మా ఆదర్శ గృహం?" అన్నాడు గుమ్మంలోనే. "ప్రభుత్వ ఆశయాలకు అనుగుణంగా లక్ష్య సాధన దిశగా మీ చేపలు చేస్తున్న కృషి మా దృష్టికి వచ్చింది."

"కృషి లేదు, ఏం లేదండి. భయమండి. డప్పులొద్దు సార్, మీకు దణ్ణం పెడతాను. ఒకటి అప్పుడే తిండి మానేసింది."

"తిండి మానేసినా పెరుగుతోందంటే అది శాఖ విజయం. కానివ్వండి!"

నాలుగు డప్పులు ఒక్కసారిగా మోగాయి. ఉత్తేజన సహాయకుడు గాజుకు మూతి ఆనించి ఊళ్ళ పేర్లన్నీ అరిచాడు. గుండీ కదల్లేదు. హుక్కు మొక్కల్లోకి దూరింది. కాజా ఉబ్బింది. ఇంకా ఉబ్బింది. గోళీ అయింది, ఉసిరికాయ అయింది, ఒంటి మీద చుక్కలు దూరం దూరం జరిగాయి. తర్వాత నెమ్మదిగా పైకి లేచి, నీటి మీద వెల్లకిలా తేలింది.

డప్పులు ఆగాయి.

"అరవై రెండు శాతం!" అన్నాడు పరాంకుశం, టేపు వదలకుండా. "రాష్ట్ర రికార్డు!"

"సార్," అంది అమ్మాజీ. "అది చచ్చిపోయిందండి."

పరాంకుశం టేపు చుట్టి ఆమె చేతికిచ్చాడు. అనుభవజ్ఞుడు. ఇలాంటి సందర్భాలు ఆయనకు కొత్త కాదు.

"చూడమ్మా. మరణం కొలతకు ముందు జరిగిందా, తర్వాత జరిగిందా అన్నది కీలకమైన అంశం. ముందైతే అది నిర్లక్ష్యం. నీ మీద కేసు, మిగతా రెండూ పునరావాసానికి. తర్వాతైతే అది సాధన. నాకు అవార్డు, నీకు సర్టిఫికెట్. దావీదూ, ఏం రాస్తున్నావు?"

దావీదు అమ్మాజీకేసి చూశాడు. ఆమె కాజాను అరచేతిలోకి తీసుకుంది. చుక్కలున్న ఆ చిన్న బంతితో అరచేతి గుంట కూడా నిండలేదు.

"తర్వాత, సార్," అన్నాడు దావీదు.

"శభాష్. మరణానికి ఎలాగూ కాలమ్ లేదు కాబట్టి కొలత ఒక్కటే రాయి."

వారం తిరక్కుండా సర్టిఫికెట్ వచ్చింది. దళసరి అట్ట, పైన ప్లాస్టిక్ పూత, బంగారు రంగు అంచు. 'రాష్ట్రస్థాయి ప్రథమ ఆరోగ్యవంత జలజీవి: కాజా.' దాంతోపాటు ఇంకో కాగితం. ప్రత్యేక కమిషనర్ సుభాషిణి గారు కాజాను చూడటానికి పదో రోజున స్వయంగా వస్తున్నారు. కాజా అప్పటికి పెరట్లో నందివర్ధనం మొదట్లో ఉంది.

అమ్మాజీ కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

"చచ్చిపోయిన చేపను ఎలా చూపిత్తానండి?"

"ఎలా అన్నది క్షేత్రస్థాయి విషయం," అన్నాడు పరాంకుశం. "రికార్డులో మూడున్నాయి, తొట్టిలో మూడుండాలి. మూడూ పోయిన నెల మీద పది శాతం ఎక్కువుండాలి. లేకపోతే ఆ మిగిలిన రెంటికీ చోటు సిద్ధంగా ఉంది." కిటికీలోంచి సిమెంటు తొట్టి చూపించాడు. నీళ్ళలో ఏదో నల్లగా, లావుగా, తీరుబడిగా తిరిగింది.

*

అమ్మాజీ ఇంటికొచ్చి వీధి తలుపు గడియ పెట్టుకుంది.

కర్టెను వెనక కొలతల చోట పాత తొట్టి ఒకటి పెట్టింది. అవే నీళ్ళు పోసింది, అవే మొక్కలు నాటింది. వల వాడలేదు. మగ్గును నీళ్ళలో ముంచి, చేప తనంత తాను లోపలికి వచ్చేదాకా ఆగి, నీళ్ళతో సహా గుండీని మార్చింది. గంట తర్వాత హుక్కును మార్చింది. ఆ తొట్టికి మూత లేదు. చుట్టూ చూసింది. సర్టిఫికెట్ కనిపించింది. కొలతేసినట్టు సరిపోయింది.

తర్వాత మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుట్టగా మిగిలిన, నల్ల చుక్కలున్న పచ్చ గుడ్డముక్క తీసింది.

పదో రోజున కమిషనర్ వచ్చారు. వీధిలో ఎనిమిది కార్లు ఆగాయి. పరాంకుశం ఛాతీ పొంగించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"తమ్ముడూ," అంది అమ్మాజీ దావీదు చెవిలో, "ముందు ఆయన్ని కొలువు. పది శాతం దాటేశాడు."

కమిషనర్ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నీళ్ళలో మూడు పచ్చటి గుండ్రటి శరీరాలు నెమ్మదిగా ఊగుతున్నాయి. డప్పులు మోగాయి. మూడూ చలించలేదు.

"బెదరడం లేదే?" అన్నారు కమిషనర్.

"క్రమశిక్షణ మేడమ్," అన్నాడు పరాంకుశం.

కొలతలు తీశారు. పది, పది, పది. దశాంశం కూడా తేడా లేదు. కమిషనర్ ముఖం వికసించింది.

"మేత ఖర్చు?"

"గత తొమ్మిది రోజులుగా ఏమీ తినలేదు మేడమ్," అన్నాడు దావీదు. అది నిజం.

"అద్భుతం. వనరుల సమర్థ వినియోగానికి ఇది సజీవ నిదర్శనం." కమిషనర్ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. వంగి, అలాగే ఆగిపోయారు. "ఈ మధ్యదాని పొట్ట కింద కుట్టుందేం?"

పరాంకుశం ముఖం తెల్లబడింది. దావీదు రిజిస్టరు వెనక్కి దాక్కున్నాడు.

అమ్మాజీ ముందుకు వచ్చింది.

"గుడ్డ చేపండి. నేనే కుట్టాను. లోపల దూది. పైన దారం కట్టి వేలాడదీశాను. మీరు చూడాలని వచ్చిన కాజాని ఈ సారు డప్పులు కొట్టించి చంపేశారండి. మీ లెక్కకి ప్రాణమున్న చేప ఆగదండి. అందుకే ఇలాంటిది కుట్టాను. ఏ కేసు పెట్టుకుంటారో పెట్టుకోండి."

కమిషనర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ తొట్టికేసి చూశారు.

"నెలకు పది శాతం పెరుగుతుందా?" అన్నారు.

అమ్మాజీకి అర్థం కాలేదు. "ఏంటండి?"

"గుడ్డ చేప. పెరుగుతుందా?"

"ఎంత కావాలంటే అంత. కుట్టు విప్పి దూది ఎక్కిత్తే సరి."

"చస్తుందా?"

"చావదండి."

కమిషనర్ పరాంకుశం వైపు తిరిగారు. "మన ఫారంలో ప్రాణం అనే కాలమ్ ఉందా?"

పరాంకుశం ఫారం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "లేదు మేడమ్."

"అయితే అభ్యంతరం ఏముంది?"

అభ్యంతరం ఎవరికీ కనిపించలేదు. పరాంకుశం బిగబట్టిన ఊపిరి వదిలాడు. చొక్కా గుండీలు వదులయ్యాయి.

*

నెల తిరక్కుండా జీవో వచ్చింది. రాష్ట్రంలోని ప్రతి గృహ తొట్టిలోనూ శాఖ ఆమోదించిన 'ప్రామాణిక జలజీవి' మాత్రమే ఉండాలి. బట్ట నూలు, లోపల దూది, నెలకు పది శాతం చొప్పున ఏడాది కార్యాచరణ ప్రణాళిక జతపరచడమైనది. ప్రాణమున్న చేపలు ఆరోగ్య సూచీలకు విఘాతం కలిగిస్తున్నందున వాటిని వెంటనే పునరావాస కేంద్రాలకు అప్పగించాలి.

శాఖ ఏర్పడిన ఏడాదికే రాష్ట్రంలో చేపల మరణాల రేటు సున్నాకు చేరింది. పరాంకుశం రాజధానికి బదిలీ అయ్యాడు, ప్రమోషన్ మీద. కొర్రమీనును మాత్రం ఎవరూ కదిలించలేదు. అది శాశ్వత సిబ్బంది.

ఒక సోమవారం ఉదయం దావీదు అమ్మాజీ ఇంటికి వచ్చాడు. భుజాన వల లేదు. చేతిలో కొత్త ఫారం ఉంది. పైన లావు అక్షరాలతో 'ప్రాణమున్న చేపల తనిఖీ' అని ఉంది.

గాజు తొట్టిలో మూడు గుడ్డ చేపలు ఊగుతున్నాయి. మధ్యదానికి రంగు దిగి నీళ్ళు పచ్చబడ్డాయి. కర్టెను కింద గచ్చు మీద కొంచెం తడి. వెనకనుంచి సన్నగా బుడగల చప్పుడు.

దావీదు తడి చూశాడు. చప్పుడు విన్నాడు. కర్టెను వైపు ఒక అడుగు వేశాడు.

"అది ఆడవాళ్ళు కొలతలిచ్చే చోటు తమ్ముడూ," అంది అమ్మాజీ, మిషను మీద నుంచి చెయ్యి తీయకుండా. "మగాళ్ళు రాకూడదు."

దావీదు ఆగాడు. తర్వాత జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి మిషను పక్కన పెట్టాడు. మూత తీసింది అమ్మాజీ. నత్తలు. చిన్నవి, పలచటి పెంకువి, బఠాణీ గింజంత నోటికి సరిపోయేవి. శుభ్రంగా కడిగి ఉన్నాయి.

"కాలవ గట్టున ఏరానక్కా," అన్నాడు గచ్చుకేసి చూస్తూ. "గుండీ తింటుందా?"

"నిన్నటినుంచి కడుపునిండా తింటుంది."

దావీదు స్టూలు లాక్కుని కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాడు. ఇంటి యజమాని పేరు. వీధి. "ఇంట్లో ప్రాణమున్న చేపలు..." అని గట్టిగా చదివి, "సున్నా," అని రాశాడు.

"పోయిన నెల ఎంత రాశావు?"

"పోయిన నెలా అన్నీ గుడ్డవే కదక్కా. సున్నాయే."

"మరి పది శాతం పెంచవా?"

దావీదు కలం ఆపి లెక్క వేశాడు. "సున్నాకి పది శాతం కలిపినా సున్నాయే కదక్కా."

"రాయి, రాయి," అంది అమ్మాజీ నత్తల డబ్బా అందుకుని కర్టెను వైపు నడుస్తూ. "ఇన్నాళ్ళకి మీ శాఖ లెక్క నాకు నచ్చింది."